లాగితే వంటిల్లు: పికప్ బెడ్‌లో స్లైడ్-అవుట్ కిచెన్ కట్టుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది డాలస్ పక్కన. బండి ఫోర్డ్ ఎఫ్-150 పికప్, దాని బెడ్ (వెనక సామాను వేసుకునే తొట్టి) ఐదున్నర అడుగులది. ఇప్పుడు అందులో ఉన్నది నేను కట్టిన రెండో వంట సొరుగు. మొదటిది విప్పేశాను, గరాజ్‌లో స్క్రూలు పెట్టుకునే అరగా పనికొస్తోంది. క్యాంపింగ్‌కి మాతో వచ్చిన స్నేహితులు, వాళ్ళ స్నేహితులు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఇలా రాసి పెట్టాను. కొలతలు నా బండివి, మీ బండిని మీరే టేపు పెట్టి కొలుచుకోవాలి.

ఇంత తతంగం అవసరమా? మడత బల్ల వేసుకుంటే సరిపోదా?

ఏడాదికి రెండుసార్లు వెళ్ళేవాళ్ళకు మడత బల్ల, రెండు ప్లాస్టిక్ డబ్బాలు చాలు. డబ్బు దండగ చేసుకోకండి. నెలకో వారాంతం బయటపడేవాళ్ళకు మాత్రం తేడా తెలుస్తుంది. చీకటి పడ్డాక చేరినా, వాన పడుతున్నా, సొరుగు లాగితే పోపు గింజలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి. పోపుల పెట్టెను పెద్దది చేసి బండికి బిగించడమే ఇదంతా.

ఆలోచన కొత్తదేమీ కాదు. 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అనే టెక్సస్ పశువుల వ్యాపారి, సైన్యం వాడి వదిలేసిన బండి వెనక భాగంలో అరలు, సొరుగులు ఉన్న చెక్కపెట్టె బిగించాడు. దాని తలుపు కిందికి దించితే వంటవాడికి బల్ల అయ్యేది. ఆ బండినే చక్ వాగన్ అన్నారు. తర్వాత 1876లో ఆయన మకాం పెట్టింది పాలో డ్యూరో లోయలో. ఇప్పుడక్కడ స్టేట్ పార్కు ఉంది. మా మొదటి సొరుగు లాగింది ఆ లోయలోనే. అయితే గుడ్‌నైట్ పెట్టె బెడ్‌లోంచి బయటికి జారేది కాదు. ఆయన తెలివైనవాడని నాకు తర్వాత అర్థమైంది.

అన్నిటికంటే ముందు ఏం కొలవాలి?

అందరూ బెడ్ కొలుస్తారు. నేనూ అదే చేశాను. ముందు కొలవాల్సింది వంట చేసేవాళ్ళ మోచెయ్యి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో.

నా బండిలో టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) దించితే నేల నుంచి సుమారు 35 అంగుళాలు. మొదటిసారి పది అంగుళాల ఎత్తు పెట్టె చేసి, సొరుగు పైన మూత వేసి, ఆ మూత మీద పొయ్యి పెట్టాను. పొయ్యి ఎత్తు ఇంకో నాలుగు. అంటే గిన్నె అడుగు దగ్గర దగ్గర 50 అంగుళాల ఎత్తులో ఉంది. ఆ వేసవిలో అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. గరిటె పట్టుకుని ఒకసారి పైకి చూసి, "పొయ్యి అటక మీద పెట్టావేంట్రా?" అంది. ఆ ట్రిప్ అంతా ఐస్ పెట్టె మీద నిలబడి వండింది. కాగే నూనె కంటి ఎత్తులో ఉంటే ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది.

అమెరికాలో ఇళ్ళలో వంట గట్టు 36 అంగుళాలు ఉంటుంది. కూరగాయలు తరిగే చోటు మోచేతికి మూడు నాలుగు అంగుళాల కింద ఉంటే భుజం లాగదు. పొయ్యి ఎత్తు వేరే ఉంది కాబట్టి అది ఇంకా కిందికి ఉండాలి. ఫోర్-వీల్-డ్రైవ్ పికప్‌లో ఇది ఎప్పుడూ సమస్యే, ఎందుకంటే బెడ్ నేలే 35 దగ్గర మొదలవుతుంది. మార్గాలు రెండు. పొయ్యిని మూత మీద కాకుండా సొరుగు అడుగున పెట్టడం ఒకటి. సొరుగు చివర నుంచి కిందికి వేలాడే చిన్న అర ఒకటి తగిలించి పొయ్యిని దాని మీద పెట్టడం రెండోది. నా రెండో సొరుగుకి వేలాడే అర ఉంది. 28 అంగుళాల దగ్గర నిలుస్తుంది. ఇప్పుడు మా ఆవిడకు, నాకు, అమ్మకు ముగ్గురికీ పనికొస్తోంది.

చెక్క కొయ్యకముందు అట్టపెట్టెలతో మొత్తం నమూనా కట్టి, ఖాళీ గిన్నె పెట్టి, వంట చేసేవాళ్ళ చేత గరిటె తిప్పించండి. అరగంట పని.

బెడ్‌లో ఏ కొలతలు తీసుకోవాలి?

బెడ్‌లోకి పొడుచుకొచ్చే చక్రాల బొడిపెల మధ్య వెడల్పు ముఖ్యం. ఎఫ్-150లో అది 50.6 అంగుళాలు. టొయోటా టకోమా లాంటి చిన్న ట్రక్కుల్లో ఇంకా తక్కువ. బెడ్ లోతు 21.4 అంగుళాలు. పైన మూత వేసే కవర్ ఉంటే దాని చట్రం, మడతలు ఎంత లోపలికి వస్తాయో చూసి ఆ మేరకు తగ్గించుకోవాలి. పొడవు కొలిచేటప్పుడు టెయిల్‌గేట్ మూసి కొలవండి. నవ్వకండి, తెరిచి కొలిచినవాళ్ళు నాకు తెలుసు.

స్లైడ్లు ఎలాంటివి కొనాలి?

స్లైడ్లంటే సొరుగు జారే లోహపు పట్టాలు. ఖర్చులో పెద్ద వాటా వీటిదే. ఇక్కడ పొదుపు చేస్తే మిగతాదంతా దండగ.

ఇంట్లో కిచెన్ కేబినెట్‌కి వాడే స్లైడ్లు సాధారణంగా 100 పౌన్ల బరువుకి చేస్తారు. పొయ్యి, కుక్కర్, బియ్యం, పప్పులు కలిపితే ఆ లెక్క ఇట్టే దాటిపోతుంది. పైగా గుంతల రోడ్డు మీద బరువు ఎగిరి పడుతుంది. 500 పౌన్ల రకం తీసుకోండి. మీ సొరుగు బరువు 150 పౌన్లే కదా అనిపించవచ్చు. కానీ ఆ 500 అనేది జతకు చెప్పే లెక్క, అదీ బరువు సమంగా పరిచినప్పుడు. పొడవు పెరిగేకొద్దీ మోసే శక్తి తగ్గుతుంది. కంపెనీ ఇచ్చే పట్టికలో మీ పొడవుకి ఎంతో చూసుకోండి.

లాక్ ఉన్నవే కొనండి, అదీ రెండు వైపులా: మూసినప్పుడు, పూర్తిగా లాగినప్పుడు. క్యాంప్‌లో బండి ఎప్పుడూ చదునుగా ఆగదు. ముక్కు కిందికి వాలి ఉంటే, మీరు చారు కలుపుతుండగా సొరుగు దానంతట అదే లోపలికి పోతుంది. వెనక కిందికి ఉంటే, టెయిల్‌గేట్ తీయగానే మీ మోకాళ్ళ మీదికి వస్తుంది.

ఈ బరువైన స్లైడ్లు ఒక్కొక్కటి ముప్పావు అంగుళం మందం. ఇంటి స్లైడ్లు అర అంగుళమే. ఈ తేడా మరిచిపోతే సొరుగు లోపలికి దూరదు.

సొరుగు వెడల్పు లెక్క ఎలా?

బయటి పెట్టె 24 అంగుళాలు అనుకోండి. రెండు వైపులా ముప్పావు అంగుళం ప్లైవుడ్ పోతే లోపల 22½. స్లైడ్లకు ఒకటిన్నర పోతే సొరుగు బయటి వెడల్పు 21. సొరుగు గోడలు అర అంగుళం చొప్పున తీసేస్తే లోపల మిగిలేది 20.

రెండు బర్నర్ల క్లాసిక్ కోల్‌మన్ పొయ్యి సుమారు 22 అంగుళాలు ఉంటుంది. ఈ సంగతి జిగురు ఆరాక గ్రహించాను. అందుకే ముందు పొయ్యి కొనండి, దాన్నిబట్టి సొరుగు చేయండి.

అయితే ఆ తప్పు వల్ల ఒక మంచి జరిగింది. పొయ్యిని అడ్డంగా కాకుండా సొరుగు పొడవునా పెట్టాల్సి వచ్చింది. అప్పుడు గుబ్బలు పక్కకి వస్తాయి, మనం నిలబడేది కూడా పక్కనే. తెరిచిన పొయ్యి మూత అవతలి వైపు గాలిని ఆపుతుంది. ఇప్పుడు కావాలనే అలా పెడుతున్నాను.

టెయిల్‌గేట్ అడ్డం రాదా?

వస్తుంది. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. దించిన టెయిల్‌గేట్ దాదాపు రెండడుగులు బయటికి ఉంటుంది. సొరుగు నాలుగడుగులు బయటికి వస్తే, మొదటి సగం టెయిల్‌గేట్ పైనే ఉంటుంది. ఆ సగానికి మీరు పక్కన ఆనుకుని నిలబడలేరు, వంగి అందుకోవాలి. కాబట్టి పొయ్యి, తరిగే చోటు చివరి రెండడుగుల్లో ఉండాలి. బియ్యం, ఉప్పు, పప్పు, పళ్ళేలు లాంటివి లోపలి సగంలో. సొరుగు అడుగు టెయిల్‌గేట్‌కి తగలకుండా కొంచెం ఎత్తు ఉంచడం మరవకండి. ఒక అంగుళం ఖాళీ ఉంటే బురద, ఇసుక పేరుకున్నా ఇబ్బంది లేదు.

సొరుగు లాగితే పెట్టె క్యాబిన్ వైపు లేస్తుందా? బెడ్‌కి బిగించాలా?

లేస్తుంది, బిగించాలి. లెక్క చూడండి. నాలుగడుగుల పెట్టె బరువు 80 పౌన్లు, సామానుతో సొరుగు 120 పౌన్లు అనుకుందాం. పూర్తిగా లాగితే సొరుగు బరువు మధ్యస్థానం పెట్టె అంచుకి 24 అంగుళాలు బయట ఉంటుంది, పెట్టె బరువు మధ్యస్థానం 24 అంగుళాలు లోపల ఉంటుంది. 120 గెలుస్తుంది. పెట్టెకి క్యాబిన్ వైపు అంచుని పట్టి ఉంచడానికి 20 పౌన్ల బలం కావాలి. అంతేనా అనుకోకండి. ఎవరో మాటల్లో పడి సొరుగు చివర మీద 80 పౌన్ల భారం వేసి ఆనుకున్నారంటే అది 100 పౌన్లు అవుతుంది. పిల్లవాడు ఎక్కి కూర్చున్నా అంతే.

బెడ్‌లో కంపెనీ ఇచ్చిన కట్టుడు కొక్కేలు ఉంటే ముందు వాటినే వాడండి. వాటికి పట్టీలు బిగిస్తే చాలా పెట్టెలు కదలవు, విప్పడం కూడా తేలిక. రంధ్రం వేయాల్సి వస్తే ముందు బండి కిందికి దూరి చూడండి. పెట్రోల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు బెడ్ కిందే ఉంటాయి. ఇనుప బెడ్‌లో కోసిన అంచుకి వెంటనే పెయింట్ వేయకపోతే తుప్పు పడుతుంది. 2015 నుంచి వచ్చిన ఎఫ్-150 బెడ్ అల్యూమినియం, తుప్పు పట్టదు కానీ ఇనుప బోల్టు నేరుగా తగిలితే తేమలో అల్యూమినియమే తినేసుకుపోతుంది. స్టెయిన్‌లెస్ బోల్టు వాడినా మధ్యలో నైలాన్ వాషరు వేయండి.

చివర కాలు పెడితే?

పెట్టవచ్చు, కానీ ఎత్తు మార్చుకోగలిగే కాలు అయి ఉండాలి. ఇంకో చిక్కుంది. కాలు నేలకి ఆనించాక ఎవరైనా బెడ్‌లోకి ఎక్కితే స్ప్రింగులు కుంగి బండి కిందికి దిగుతుంది, కాలు దిగదు. స్లైడ్లు మెలితిరుగుతాయి. నేను కాలు తీసేశాను. మంచి స్లైడ్లు, మంచి బిగింపు ఉంటే అక్కర్లేదు.

ఏ చెక్క వాడాలి?

పెట్టెకి ముప్పావు అంగుళం, సొరుగు గోడలకి అర అంగుళం బిర్చ్ ప్లైవుడ్. చెక్కపొట్టు నొక్కి చేసే పార్టికిల్ బోర్డు, ఎండీఎఫ్ వద్దు, ఒక్క వానకి ఉబ్బుతాయి. 4x8 అడుగుల ముప్పావు షీటు 60 పౌన్ల పైనే ఉంటుంది. మొత్తం అదే మందంతో కట్టాలనిపిస్తే ఆగండి. డ్రైవర్ తలుపు చట్రం మీద ఉన్న స్టిక్కర్ చదవండి. మనుషులు, సామాను కలిపి ఎంత మించకూడదో అక్కడ ఉంటుంది. ఐదుగురు మనుషులు, నీళ్ళు, టెంట్లు, ఈ పెట్టె అన్నీ ఆ అంకెలోనే ఇమడాలి.

హోమ్ డిపో, లోవ్స్ లాంటి ఇంటి సామాను దుకాణాల్లో పెద్ద కోతలు కోసి ఇస్తారు. రంపం మందం ఎనిమిదో వంతు అంగుళం ప్రతి కోతకీ పోతుందని లెక్కలో వేసుకోండి. చెక్కకి పాలీయురెథేన్ వార్నిష్ మూడు పూతలు, ముఖ్యంగా కోసిన అంచులకి. నీళ్ళు తాగేది అక్కడే.

పని చేసే పైభాగానికి మాత్రం వార్నిష్ చాలదు. మన వంటలో పసుపు ఉంటుంది. పచ్చటి మరక ఇక పోదు. పలచటి స్టెయిన్‌లెస్ రేకు గానీ లామినేట్ గానీ అతికించండి.

గ్యాస్ సంగతి?

ఆకుపచ్చ చిన్న సిలిండర్లో ఒక పౌను ప్రొపేన్ ఉంటుంది, సుమారు 21,600 బీటీయూల వేడి. రెండు బర్నర్లూ కలిపి గంటకి 20,000 బీటీయూలు ఇచ్చే పొయ్యిని పూర్తి మంట మీద పెడితే గంటకి కాస్త పైగా వస్తుంది. మనం అన్నిసార్లూ పూర్తి మంట పెట్టం కాబట్టి నలుగురికి వారాంతానికి రెండు సిలిండర్లు సరిపోతున్నాయి. తరచూ వెళ్ళేవాళ్ళు ఐదు పౌన్ల నింపుకునే ట్యాంకు, గొట్టం తీసుకోండి. వాడి పారేసే సిలిండర్లని ఇంట్లో నింపే పరికరాలు అమ్ముతారు, వాటి జోలికి పోకండి.

చలికాలంలో బ్యూటేన్ పొయ్యి వద్దు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది.

ప్రయాణంలో సిలిండర్ పొయ్యి నుంచి విప్పి, నిలువుగా కట్టి ఉంచాలి. ప్రొపేన్ గాలి కంటే బరువు, కారితే బెడ్ అడుగున చేరి నిలుస్తుంది. సొరుగు లాగగానే అగ్గిపుల్ల గీయకండి, ఒక్క నిమిషం గాలి ఆడనివ్వండి. వాన పడుతోందని బెడ్ మీది టాపు కింద, తలుపులు మూసుకుని వండొద్దు. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు.

నీళ్ళు, సింకు?

గాలన్ నీళ్ళు 8.3 పౌన్లు. ఏడు గాలన్ల డబ్బా నింపితే దాదాపు 60 పౌన్లు. దాన్ని సొరుగులో పెట్టకండి, బెడ్‌లో ముందు వైపు, క్యాబిన్‌కి ఆనించి పెట్టి గొట్టం తీసుకోండి. ఛార్జింగ్‌తో నడిచే చిన్న పంపు చాలు. సింకు బదులు సొరుగు అంచున కూర్చునే స్టీలు గిన్నె వాడుతున్నాం. కడిగిన నీళ్ళు బకెట్‌లోకి. పార్కుల్లో వాటిని నేల మీద పారబోయకూడదు, దానికి పెట్టిన తొట్టిలోనే పోయాలి. అన్నం మెతుకులు ముందే వడకట్టి చెత్తలో వేయండి.

కుక్కర్ తీసుకెళ్ళాలా? బరువు కదా?

కొండల్లోకి వెళ్తే తప్పనిసరి. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే నీళ్ళు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. కొలరాడోలో ఎనిమిది వేల అడుగుల పైన క్యాంప్ వేస్తే నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పప్పు పప్పుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. మూడు లీటర్ల కుక్కర్ చాలు. పొద్దున్నే ఆరింటికి విజిల్ వేస్తే పక్క టెంటు వాళ్ళు ఉలిక్కిపడి లేచి వస్తారు, అది మీ ఇష్టం.

దోసెలు, బజ్జీలు?

దోసెలు బాగా వస్తాయి. పిండి డబ్బాలో సగమే నింపండి. టెక్సస్ ఎండలో ప్రయాణిస్తూ అది పొంగి మూత ఎగరగొట్టి స్లైడ్ల బాల్ బేరింగుల్లోకి దిగింది మా సొరుగులో. ఎండిన దోసెపిండిని బేరింగుల్లోంచి పళ్ళు తోముకునే బ్రష్షుతో గీకిన అనుభవం మీకు వద్దు.

బజ్జీల జోలికి మాత్రం సొరుగు మీద వెళ్ళకండి. ఎంత బిగించినా, ఎవరైనా బండి తలుపు వేస్తే సొరుగు కొస ఊగుతుంది. బాణలిలో నూనె కూడా ఊగుతుంది. వాన పడి బజ్జీలు తినాలనిపిస్తే పొయ్యి తీసి పార్కు బల్ల మీద పెట్టుకోండి. ఆ ప్రాంతంలో మంటల మీద నిషేధం ఉందేమో ముందు పార్కు ఆఫీసులో అడగండి.

రాత్రి సామాను సొరుగులోనే ఉంచవచ్చా?

పార్కుని బట్టి. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో చీకటి పడ్డాక బండిలో తిండి ఉంచనే కూడదు, ఎలుగుబంట్ల కోసం పెట్టిన ఇనుప పెట్టెల్లో పెట్టాలి. టెక్సస్‌లోనే బిగ్ బెండ్ పార్కులో కూడా నల్ల ఎలుగులు ఉన్నాయి. పికప్ బెడ్, పైన బట్ట కవరు ఎలుగుకి అడ్డమే కాదు. అందుకే నా రెండో సొరుగులో తిండి సామానంతా పిడి ఉన్న రెండు డబ్బాల్లోనే ఉంటుంది. రెండు చేతులతో ఎత్తి ఇనుప పెట్టెలో పెట్టేస్తే పని అయిపోతుంది. ఇంగువ డబ్బా మరచిపోకండి. ఎలుగుల దాకా ఎందుకు, మా దగ్గర రకూన్లనే చిన్న జంతువులే దానికి వచ్చాయి.

ఇండియాలో చేయించుకోవచ్చా?

మా తమ్ముడు ఇదే అడిగాడు. ఇసుజు వి-క్రాస్ మన శ్రీసిటీ ఫ్యాక్టరీలోనే తయారవుతుంది, 2022 నుంచి టొయోటా హైలక్స్ కూడా దొరుకుతోంది. కాబట్టి బండికి కొరత లేదు. వడ్రంగి దగ్గరికి వెళ్తే 'స్లైడ్' అనకుండా 'టెలిస్కోపిక్ ఛానెల్, హెవీ డ్యూటీ, లాక్ ఉన్నది' అని అడగండి. ప్లైవుడ్ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం తీసుకోండి. ఇంటి 14.2 కిలోల సిలిండర్ బండిలో వేసుకుని తిరగొద్దు, ఐదు కిలోల చిన్నది దొరుకుతుంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదు. అందుకే వెల్డింగ్ చేయించకండి. నాలుగు బోల్టులు విప్పితే ఇద్దరు మోసుకెళ్ళేలా కట్టించి, ఆ పైన అనుమానం ఉంటే ఆర్టీవో ఆఫీసులో అడగండి.

చేతకాని పని అనిపిస్తోంది. ఎన్ని రోజులు పడుతుంది?

నాకు మొదటిది ఆరు వారాంతాలు, రెండోది రెండు. కష్టమైనది ఒక్కటే: రెండు స్లైడ్లూ సమాంతరంగా ఉండాలి. ముందు ఒకటి, వెనక ఒకటి కొలత తేడా వస్తే సొరుగు బిగుసుకుపోతుంది. టేపుతో గుర్తులు పెట్టే బదులు, ఒకే కొలతకి కోసిన రెండు చెక్కముక్కలు అడుగున పెట్టి, వాటి మీద స్లైడ్ ఆనించి స్క్రూ వేయండి. అవతలి వైపుకి కూడా అవే ముక్కలు వాడండి. ముందు రెండు స్క్రూలే వేసి సొరుగు ఇరవైసార్లు లాగి చూసి, అప్పుడు మిగతావి బిగించండి.